ముద్రణాలయంలో ఉత్పత్తి క్రమపు స్వయంచాలనం: జాబ్ కార్డు నుంచి జె.డి.ఎఫ్. వరకు

వ్యాససంగ్రహం

ముద్రణ చరిత్ర రచనలో యంత్రాలకు దక్కిన స్థానం, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి సాగే సమాచారానికి దక్కలేదు. వాణిజ్య ముద్రణాలయంలో ఒక పని ఆలస్యం కావడానికీ చెడిపోవడానికీ యంత్రాల నెమ్మది కంటే ఈ సమాచారంలోని తెగుళ్లే ఎక్కువగా కారణమవుతూ వచ్చాయి. 1814 నాటి ఆవిరి అచ్చుయంత్రం నుంచి 2018 నాటి ఎక్స్.జె.డి.ఎఫ్. వరకు జరిగిన ప్రధాన మార్పులను ఈ కోణంలో పరిశీలించి, ఒకే వివరాన్ని రెండోసారి నమోదు చేసే శ్రమను తొలగించడమే ఉత్పత్తి క్రమపు స్వయంచాలన చరిత్రకు మూలసూత్రమని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఆ రెండో నమోదు చుట్టూ అల్లుకున్న ఉపాధి, నైపుణ్యం అనే ప్రశ్నలను చర్చిస్తుంది. తెలుగు ముద్రణలో ఈ గొలుసు అక్షర సంకేతం దగ్గర ఎందుకు తెగిందో వివరిస్తుంది.

కీలకపదాలు: ముద్రణ చరిత్ర, స్వయంచాలనం, మోనోటైప్, పోస్ట్‌స్క్రిప్ట్, జె.డి.ఎఫ్., యూనికోడ్, తెలుగు డి.టి.పి.

1. ఉపోద్ఘాతం

గుటెన్‌బర్గ్ సీసపు అక్షరాలు, కోనిగ్ ఆవిరి యంత్రం, లైనోటైప్, ఆఫ్‌సెట్, కంప్యూటరు అనే వరుసలో ముద్రణ చరిత్రను చెప్పడం పరిపాటి. ఈ వరుసలో ప్రతి యంత్రమూ తన ముందున్న దానికంటే వేగవంతమైనదిగా కనిపిస్తుంది. అయితే వాణిజ్య ముద్రణాలయంలో ఒక పని సాగే తీరును గమనిస్తే మరొక చరిత్ర బయటపడుతుంది.

ఖాతాదారు ఒక కరపత్రమో క్యాలెండరో పుస్తకమో కావాలని వస్తాడు. ఎన్ని ప్రతులు, ఏ సైజు, ఏ కాగితం, ఎన్ని రంగులు, ఏ రకం బైండింగు, ఏ తేదీకి కావాలి అన్నవి రాసుకుని ధర చెబుతారు. ఆ వివరాలన్నీ ఒక అట్టమీదో సంచిమీదో ఎక్కుతాయి. అదే జాబ్ కార్డు. కొన్ని ముద్రణాలయాల్లో దానిని డాకెట్ అంటారు. ఆ కార్డు కంపోజింగు నుంచి ప్రూఫుకు, ప్రూఫు నుంచి పేజీల కూర్పుకు, అక్కడి నుంచి ప్లేటుకు, అచ్చుకు, మడతకు, కుట్టుకు, కత్తిరింపుకు, చివరకు బిల్లు రాసే గుమాస్తా దగ్గరకు చేరుతుంది. ప్రతి మజిలీలోనూ ఒక మనిషి కార్డు చదివి, తన యంత్రానికి కావలసిన కొలతలను తానే లెక్కగట్టి అమర్చుకుంటాడు. పుస్తకం వెడల్పు ఎంతో కంపోజింగులో ఒకరు కొలుస్తారు, ప్లేటు దగ్గర మరొకరు కొలుస్తారు, కత్తిరింపు యంత్రం దగ్గర ఇంకొకరు కొలుస్తారు. కొలత ఒక్కటే అయినా నమోదు మూడుసార్లు జరుగుతుంది. పొరపాటుకు కూడా మూడు అవకాశాలు ఏర్పడతాయి.

దినపత్రికకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. నేటి పత్రిక కొలతలే రేపటి పత్రికకూ వర్తిస్తాయి. వాణిజ్య ముద్రణాలయంలో ఉదయం వచ్చిన పనికీ మధ్యాహ్నం వచ్చిన పనికీ పోలిక ఉండదు. అందువల్ల యంత్రాల వేగంలో పత్రికలు దారి చూపగా, పనుల మధ్య సమాచారాన్ని కలిపే ప్రయత్నంలో వాణిజ్య ముద్రణ రంగం ముందుకు వచ్చింది. ఈ రెండు ధారలనూ కలిపి చూసినప్పుడే ఆటోమేషన్ అని వ్యవహరించే స్వయంచాలన చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

2. యంత్రం వేగం, పనుల మధ్య విరామం

1814 నవంబర్ 29న లండన్‌లోని ది టైమ్స్ పత్రిక ఆవిరి యంత్రంపై అచ్చయింది. ఫ్రీడ్రిక్ కోనిగ్, ఆండ్రియాస్ బావర్ అనే జర్మన్లు నిర్మించిన ఆ యంత్రం గంటకు సుమారు 1,100 కాగితాలను అచ్చు వేసింది. చేతి యంత్రంపై ఇద్దరు మనుషులు గంటకు వేయగలిగినవి సుమారు 250. కార్మికుల ప్రతిఘటనకు భయపడి యజమాని రెండో జాన్ వాల్టర్ ఆ యంత్రాన్ని పక్క భవనంలో రహస్యంగా నిలబెట్టించాడు. విదేశీ వార్తలు రావాల్సి ఉందని చేతి యంత్రాల కార్మికులను ఆ రాత్రి వేచి ఉండమన్నారు. తెల్లవారాక వాల్టర్ అప్పటికే అచ్చయిన పత్రికతో వచ్చి విషయం వెల్లడించాడు. ఇదే రకం పని మరోచోట దొరికేవరకు వేతనాలు చెల్లిస్తానని వారికి మాట ఇచ్చాడు. ముద్రణలో స్వయంచాలనం తొలి అడుగులోనే రహస్యం, భయం, పరిహారం మూడూ ఉన్నాయన్నది గమనించదగిన విషయం.

అచ్చు వేగం నాలుగు రెట్లు దాటినా కంపోజింగు చేతితోనే కొనసాగింది. ఒక దశ వేగవంతమైనప్పుడు భారం దాని ముందు దశపై పడుతుంది. ఆ ఒత్తిడి ఫలితంగానే పంతొమ్మిదో శతాబ్దం చివర కంపోజింగు యంత్రాలు వచ్చాయి. ఒట్మార్ మెర్గెంథేలర్ రూపొందించిన లైనోటైప్ 1886 జులైలో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో వాడుకలోకి వచ్చింది. మీటలు నొక్కితే ఒక పంక్తి మొత్తం ఒకే సీసపు కడ్డీగా పోతపోసే యంత్రమది. అయితే ఆ యంత్రంలో మనిషి ఆలోచన, యంత్రం పోత ఒకే చోట, ఒకే సమయంలో జరిగేవి. ఆపరేటర్ ఆగితే పోత ఆగేది. చేసిన పని సీసం రూపంలో తప్ప మరే రూపంలోనూ మిగిలేది కాదు.

3. కాగితపు చుట్ట: సమాచారం లోహం నుంచి విడివడటం

ఈ చరిత్రలో నిజమైన మలుపు టోల్బర్ట్ లాన్‌స్టన్ కనిపెట్టిన మోనోటైప్‌తో మొదలవుతుంది. 1887లో పేటెంటు పొందిన ఈ విధానంలో మీటల బల్ల వేరు, పోతయంత్రం వేరు. ఆపరేటర్ మీటలు నొక్కుతుంటే ఒక కాగితపు చుట్టపై రంధ్రాలు పడతాయి. ఆ చుట్టను తీసుకెళ్లి పోతయంత్రానికి తగిలిస్తే, రంధ్రాల గుండా వీచే గాలి ఏ అక్షరాన్ని పోతపోయాలో యంత్రానికి చెబుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. పంక్తి కుడి అంచు సమంగా రావాలంటే మాటల మధ్య ఖాళీ ఎంత ఉండాలో ముందే తెలియాలి. ఆ లెక్క పంక్తి పూర్తయ్యాక గానీ తేలదు. లాన్‌స్టన్ విధానంలో దీనికి సులువైన ఉపాయం ఉంది. ఆపరేటర్ పంక్తి చివర ఖాళీల కొలతను చుట్టపై నమోదు చేస్తాడు. పోతయంత్రం చుట్టను చివరి నుంచి వెనక్కు చదువుతుంది. కాబట్టి కొలత ముందుగా అందుతుంది, అక్షరాలు తర్వాత వస్తాయి.

ఈ చుట్ట ప్రాముఖ్యం పోత వేగానికి పరిమితమైనది కాదు. చేసిన పనిని దాచుకోవచ్చు, మరో గదికి పంపవచ్చు, మళ్లీ వాడవచ్చు. నేడు ఫైలు అని పిలిచేదానికి ముద్రణ రంగంలో ఇది పూర్వరూపం. 1920ల చివర వచ్చిన టెలిటైప్‌సెట్టర్ ఇదే సూత్రాన్ని తంతి తీగకు ముడిపెట్టింది. 1950ల తొలినాళ్లకు వార్తాసంస్థలు ఒకచోట కొట్టిన పాఠాన్ని రంధ్రాల సంకేతాలుగా అనేక పట్టణాలకు పంపసాగాయి. అక్కడి లైనోటైప్ యంత్రాలు మనిషి మీట నొక్కకుండానే పంక్తులను పోతపోసేవి.

1962లో లాస్ ఏంజలిస్ టైమ్స్ ఆర్.సి.ఎ. 301 కంప్యూటరును ఈ గొలుసులో చేర్చింది. ఆపరేటర్ పంక్తి ఎక్కడ ముగుస్తుందో పట్టించుకోకుండా పాఠం కొడుతూ పోతే, పంక్తి విరుపునూ పదం విరుపునూ కంప్యూటరే నిర్ణయించేది. పంక్తి విరుపులు లేని ఆ చుట్టను అమెరికన్ అచ్చుశాలలు ‘ఇడియట్ టేప్’ అని పిలిచేవి. ఆ పేరులో వృత్తి పట్ల ఒక తీర్పు దాగి ఉంది. మాట ఎక్కడ విరవాలో, ఖాళీ ఎంత వదలాలో తెలియడమే కంపోజిటర్ నేర్పుకు గుర్తుగా ఉండేది. ఆ తెలివి యంత్రానికి బదిలీ అయ్యాక మిగిలిన పనికి అటువంటి పేరు పడింది.

4. రెండోసారి నమోదు, ఉపాధి ప్రశ్న

ఒకసారి నమోదైన పాఠాన్ని మళ్లీ కొట్టనవసరం లేకపోవడం యజమానికి ఆదా. కంపోజిటర్‌కు అది బతుకుతెరువు పోవడం. అమెరికాలో 1852లో ఏర్పడిన అంతర్జాతీయ టైపోగ్రాఫికల్ యూనియన్ కుదుర్చుకున్న పలు ఒప్పందాల్లో ఒక వింత నిబంధన ఉండేది. ప్రకటనదారు తయారుగా పంపిన ప్రకటనను వాడుకున్నా, దానినే ముద్రణాలయంలో మళ్లీ కంపోజు చేసి, ప్రూఫు చూసి, ఆపైన పారవేయాలి. కార్మికుల వాడుకలో దానిపేరు ‘బోగస్’. వృథాగా కనిపించే ఈ నిబంధన ఉపాధికి రక్షణ కవచం. రెండో నమోదు యజమానికి ఖర్చుగా, కార్మికునికి కూలిగా కనిపించిన తీరుకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదు.

1962 డిసెంబర్ 8న న్యూయార్క్‌లో మొదలైన కంపోజిటర్ల సమ్మె 114 రోజులు సాగి 1963 మార్చి 31న ముగిసింది. వార్తాసంస్థల చుట్టలను వాడుకునే హక్కు, దానివల్ల మిగిలే సొమ్ములో వాటా అందులో ముఖ్యాంశాలు. బెర్ట్రమ్ పవర్స్ నాయకత్వంలోని ఆరో శాఖ 1974లో ప్రధాన పత్రికలతో మరో ఒప్పందానికి వచ్చింది. కొత్త యంత్రాలను యజమానులు స్వేచ్ఛగా ప్రవేశపెట్టుకోవచ్చు. అప్పటికి ఉన్న కంపోజిటర్లకు జీవితకాల ఉద్యోగ భద్రత ఉంటుంది. 1978 జులైలో న్యూయార్క్ టైమ్స్ తన చివరి సీసపు కంపోజింగు సంచికను వెలువరించింది. లండన్‌లో పరిణామం మరో విధంగా ఉంది. 1986 జనవరిలో న్యూస్ ఇంటర్నేషనల్ తన పత్రికలను వాపింగ్‌లోని కొత్త కర్మాగారానికి తరలించినప్పుడు సమ్మెకు దిగిన వేలాదిమంది ఉద్యోగాలు కోల్పోయారు. 1987 ఫిబ్రవరిలో ఆ వివాదం ముగిసింది.

ఈ రెండింటికీ భిన్నమైన మూడో మార్గం స్కాండినేవియాలో కనిపిస్తుంది. 1981లో నార్డిక్ ముద్రణ కార్మిక సంఘాలు పరిశోధకులతో కలిసి యుటోపియా అనే పథకాన్ని చేపట్టాయి. పెల్లె ఎన్, సుసానె బోడ్కర్ వంటి పరిశోధకులు ఇందులో పనిచేశారు. పేజీ కూర్పుకు కంప్యూటరు ఎలా ఉండాలో కార్మికులే నిర్ణయించాలన్నది దాని ఆశయం. యంత్రం ఇంకా తయారుకాక మునుపే అట్టపెట్టెలతో నమూనాలు చేసి, వాటి ముందు కూర్చుని పని చేస్తున్నట్టు నటించి, ఏది అనువో ఏది కాదో తేల్చుకున్నారు. మార్కెట్లో ఆ వ్యవస్థ నిలదొక్కుకోలేదు. కానీ వాడేవారిని రూపకల్పనలో భాగస్వాములను చేసే పద్ధతికి అది ప్రామాణిక ఉదాహరణగా నిలిచింది. కార్మికుని అనుభవం వ్యవస్థలోకి ఎక్కాలంటే కార్మికుడు ఆ గదిలో ఉండాలన్నది దాని సారాంశం.

5. పేజీకి ఒక భాష

కంపోజింగు కంప్యూటరులోకి చేరినా 1980ల ఆరంభం వరకు ప్రతి తయారీదారు యంత్రం తన సొంత సంకేతాలతోనే నడిచేది. ఒక కంపెనీ కంపోజింగు యంత్రంలో చేసిన పేజీ మరో కంపెనీ యంత్రానికి అర్థమయ్యేది కాదు. రంగుల పనికి స్కానర్లు, 1979లో సైటెక్స్ సంస్థ ప్రదర్శించిన రెస్పాన్స్ 300 వంటి ఖరీదైన వ్యవస్థలు వచ్చినా అవి కూడా మూసిన పెట్టెలే. అక్షరాలు ఒక యంత్రం నుంచి, బొమ్మలు మరో యంత్రం నుంచి ఫిల్ముగా బయటకు వచ్చాక, వాటిని బల్లమీద పరిచి కత్తితో కోసి అతికించే పేస్టప్ మనిషే కలిపేవాడు.

జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కి 1982లో స్థాపించిన అడోబీ సంస్థ 1984లో పోస్ట్‌స్క్రిప్ట్‌ను విడుదల చేసింది. పేజీలో ఏ అక్షరం, ఏ గీత, ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో యంత్రంతో నిమిత్తం లేకుండా వర్ణించే భాష అది. 1985లో ఆపిల్ లేజర్ ప్రింటరు, ఆల్డస్ పేజ్‌మేకర్, లైనోట్రానిక్ ఫిల్ము యంత్రం దానిని స్వీకరించడంతో బల్లమీది కంప్యూటరు నుంచి ముద్రణకు తగిన ఫిల్ము వరకు దారి ఏర్పడింది. డి.టి.పి. అనే మూడక్షరాలు తెలుగు ఊళ్లలోనూ బోర్డులెక్కడానికి మూలం ఇదే.

పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుతో ముద్రణాలయాలు పడిన పాట్లు తక్కువ కావు. అక్షర రూపాల ఖతి జతచేయకపోతే యంత్రం వేరే ఖతిని పెట్టేది. బొమ్మ జాడ తప్పేది. 1993లో వచ్చిన పి.డి.ఎఫ్. ఈ విడి భాగాలను ఒకే కట్టగా చేసింది. దానిని ముద్రణకు అనువుగా కట్టుదిట్టం చేస్తూ 2001లో ఐ.ఎస్.ఓ. 15930 ప్రమాణంగా పి.డి.ఎఫ్./ఎక్స్ వెలువడింది. ఖతులన్నీ లోపలే ఉండాలి, పేజీ కత్తిరింపు హద్దు స్పష్టంగా ఉండాలి, ఏ రకం ముద్రణకు ఉద్దేశించినదో చెప్పాలి అని అది శాసించింది. పంపేవాడికీ అందుకునేవాడికీ మధ్య ఫోను సంభాషణ అవసరం లేకుండా ఫైలు తనంతట తానే సంపూర్ణంగా ఉండాలన్నది ఆ ప్రమాణం లక్ష్యం.

ఈలోగా ఫిల్ము కూడా తొలగిపోయింది. 1995లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగిన ద్రుపా ప్రదర్శనలో కంప్యూటరు నుంచి నేరుగా ప్లేటు తయారుచేసే యంత్రాలు ప్రధాన ఆకర్షణ అయ్యాయి. పదేళ్లలో ఫిల్ము గదులు, పేస్టప్ బల్లలు చాలాచోట్ల మూతపడ్డాయి. పేజీల వరుసను మడతకు తగినట్టు అమర్చే ఇంపోజిషన్ పని మనిషి చేతి నుంచి కంప్యూటరుకు మారింది. పదహారు పేజీల ఫారంలో ఏ పేజీ పక్కన ఏ పేజీ రావాలో, ఏది తలకిందులుగా ఉండాలో మనసులో మడతపెట్టి చూడగలిగిన నైపుణ్యం ఒక నమూనా ఫైలులో స్థిరపడింది.

6. సిరా మీటల నుంచి ఉమ్మడి జాబ్ కార్డుకు

పేజీ ఎలా ఉండాలో చెప్పే భాష దొరికింది. పని ఎలా జరగాలో చెప్పే భాష ఇంకా లేదు. దాని అవసరాన్ని ముందుగా చూపినవి ఆఫ్‌సెట్ యంత్రంలోని సిరా మీటలు.

ఆఫ్‌సెట్ యంత్రంలో సిరా తొట్టి అడ్డంగా అనేక భాగాలుగా విభజించి ఉంటుంది. 102 సెంటీమీటర్ల వెడల్పున్న హైడెల్‌బర్గ్ యంత్రంలో ఒక్కో రంగుకు 32 భాగాలు. నాలుగు రంగులకు మొత్తం 128 మీటలు. ప్లేటుపై బొమ్మ దట్టంగా ఉన్నచోట సిరా ఎక్కువ, ఖాళీగా ఉన్నచోట తక్కువ వదలాలి. మెషిన్‌మన్ ప్లేటును కంటితో చూసి అంచనా కట్టి, ఒక్కో మీట తిప్పి, కొన్ని వందల కాగితాలు వృథాగా వదిలి, రంగు కుదిరాక అసలు అచ్చు మొదలుపెట్టేవాడు. ఈ సన్నాహాన్నే మేకరెడీ అంటారు. హైడెల్‌బర్గ్ 1977లో సి.పి.సి. అనే దూర నియంత్రణ బల్లను తెచ్చింది. మెషిన్‌మన్ యంత్రం చుట్టూ తిరగకుండా ఒకచోట నిలబడి మీటలు కదపగలిగాడు. తర్వాత ప్లేటును స్కాన్ చేసి సిరా అంచనా కట్టే పరికరాలూ వచ్చాయి.

ఇక్కడే ఒక ప్రశ్న తలెత్తింది. ప్లేటు తయారుచేసిన కంప్యూటరుకు ప్రతి బిందువూ తెలుసు. అటువంటప్పుడు ప్లేటును మళ్లీ కొలవడం ఎందుకు? 1995లో డార్మ్‌స్టాట్‌లోని ఫ్రౌన్‌హోఫర్ కంప్యూటర్ గ్రాఫిక్స్ సంస్థ సహకారంతో ముద్రణ యంత్రాల తయారీదారులు సి.ఐ.పి.3 అనే కూటమిగా ఏర్పడ్డారు. ముద్రణకు ముందు, ముద్రణ, ముద్రణ తర్వాత అనే మూడు దశలను కలపడం దాని ఉద్దేశం. వారు రూపొందించిన పి.పి.ఎఫ్. అనే ఫైలులో ప్లేటు బొమ్మ చిన్న ప్రతి, కత్తిరింపు గీతలు, మడత వివరాలు ఉంటాయి. అచ్చుయంత్రం ఆ చిన్న బొమ్మను చదివి ఏ భాగంలో సిరా ఎంత కావాలో ముందే లెక్కగట్టి మీటలను అమర్చుకుంటుంది. కత్తిరింపు యంత్రం అదే ఫైలు నుంచి తన కొలతలను తీసుకుంటుంది. జాబ్ కార్డుపై రాసిన కొలతను మూడుచోట్ల మూడుసార్లు నమోదు చేయవలసిన అవసరం తొలిసారి తగ్గింది.

పి.పి.ఎఫ్. యంత్రాలను కలిపింది. ఆఫీసును కలపలేదు. ధర లెక్క, కాగితం నిల్వ, పని వేళలు, బిల్లు వేరే కంప్యూటర్లలో ఉండేవి. ఈ లోటు తీర్చడానికి అడోబీ, అగ్ఫా, హైడెల్‌బర్గ్, మాన్ రోలాండ్ సంస్థలు కలిసి జె.డి.ఎఫ్. అనే జాబ్ వర్ణన రూపాన్ని ప్రతిపాదించాయి. 2000లో దాని బాధ్యతను సి.ఐ.పి.4గా విస్తరించిన కూటమికి అప్పగించారు. 2001లో మొదటి ప్రతి వెలువడింది.

జె.డి.ఎఫ్. నిర్మాణం జాబ్ కార్డును సన్నిహితంగా అనుసరిస్తుంది. ఖాతాదారు కోరినది ఒక భాగం: ఎన్ని ప్రతులు, ఏ కాగితం, ఏ బైండింగు. దానిని నెరవేర్చడానికి ముద్రణాలయం చేయవలసిన పనులు మరో భాగం. ప్రతి పనికీ లోపలికి ఏమి రావాలో, బయటకు ఏమి వెళ్లాలో నిర్దేశం ఉంటుంది. ప్లేటు తయారీ నుంచి బయటకు వచ్చేది అచ్చు పనికి లోపలికి వెళ్లేది. అచ్చయిన కాగితం మడతకు లోపలికి వెళ్లేది. ఇలా పనులు గొలుసుగా అల్లుకుంటాయి. జె.ఎం.ఎఫ్. అనే సందేశాల ద్వారా ఎన్ని కాగితాలు అచ్చయ్యాయో, ఎన్ని వృథా అయ్యాయో, యంత్రం ఎందుకు ఆగిందో తిరిగి ఆఫీసుకు చేరుతుంది. జాబ్ కార్డు ఒకే దిక్కుకు ప్రయాణించేది. దాని వారసునికి రాకపోకలు రెండూ వచ్చాయి.

7. ఆశించినది, జరిగినది

2004 ద్రుపాను వృత్తి పత్రికలు జె.డి.ఎఫ్. ద్రుపా అని వ్యవహరించాయి. అయినా వ్యాప్తి ఆశించినంత వేగంగా జరగలేదు. ప్రమాణం అతి విస్తృతమైనది. ఒకే విషయాన్ని అనేక రీతుల్లో చెప్పే వెసులుబాటు ఉండటంతో ఇద్దరు తయారీదారులు ప్రమాణాన్ని పాటిస్తూనే ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా పోయే పరిస్థితి వచ్చింది. అంతకంటే లోతైన కారణం ముద్రణాలయం లోపలే ఉంది. స్వయంచాలనానికి ఆధారం ధర లెక్కలో నమోదైన వివరం. చాలాచోట్ల ధర లెక్క ఒక అంచనా మాత్రమే. ఏ యంత్రంపై వేయాలో, కాగితాన్ని ఏ దిక్కున కోయాలో ఫోర్‌మన్ ఆ ఉదయం నిర్ణయించేవాడు. అతని నిర్ణయాలు రాతలో ఉండేవి కావు. ఆఫీసు గుమాస్తాకూ ఫోర్‌మన్‌కూ మధ్య మాటమీద నడిచే ఒప్పందాలను ఫైలులోకి ఎక్కించడం యంత్రాలు కొనడం కంటే కష్టమైన పనిగా తేలింది. పైగా ధర లెక్క సైతం చేతిపుస్తకంలో సాగే చిన్న ముద్రణాలయానికి ఈ గొలుసులో మొదటి కొక్కెమే లేదు.

2018లో వెలువడిన ఎక్స్.జె.డి.ఎఫ్. ఈ అనుభవం నుంచి పుట్టింది. మొదటి జె.డి.ఎఫ్.లో ఒకే పత్రం పని పొడవునా ప్రయాణించి అన్నిటినీ మోసుకెళ్లాలన్న ఊహ ఉంది. కొత్త రూపం ఆ ఊహను విడిచిపెట్టి, ఏ రెండు వ్యవస్థల మధ్యనైనా ఆ రెండింటికీ కావలసిన మేరకే సమాచారం మార్చుకోవడంపై దృష్టి పెట్టింది. అంతా తెలిసిన ఒకే కార్డు స్థానంలో, తమకు తెలిసినంతవరకు చెప్పుకునే అనేక సంభాషణలు వచ్చాయి.

మరోవైపు, పనుల వైవిధ్యాన్నే తగ్గించడం ద్వారా స్వయంచాలనాన్ని సాధించిన నమూనా విజయవంతమైంది. రాబర్ట్ కీన్ 1995లో పారిస్‌లో ప్రారంభించిన సంస్థ తర్వాతి కాలంలో విస్టాప్రింట్‌గా ప్రసిద్ధి చెందింది. ఖాతాదారు వెబ్ పుటపై తానే తన విజిటింగ్ కార్డును తయారుచేసుకుంటాడు. అంటే మొదటి నమోదు ముద్రణాలయం బయటే, ఖాతాదారు శ్రమతో జరుగుతుంది. ఒకే కాగితం, ఒకే సైజు పనులను అనేకమంది నుంచి పోగుచేసి, ఒకే ప్లేటుపై పక్కపక్కన అమర్చి కలిపి అచ్చు వేస్తారు. చిన్న పనికి మేకరెడీ ఖర్చు పంచుకోవడంతో ధర తగ్గింది. దీనికి బదులుగా ఖాతాదారు ముందే నిర్ణయించిన కాగితాలు, కొలతల నుంచే ఎంచుకోవాలి. వాణిజ్య ముద్రణకు ప్రాణమైన వైవిధ్యం హద్దుల్లోకి వచ్చింది.

8. తెలుగు ముద్రణ: అక్షర సంకేతం దగ్గర తెగిన గొలుసు

పై గొలుసు మొత్తం ఒక పునాదిపై ఆధారపడి ఉంది. మీట నొక్కినప్పుడు నమోదైన అక్షరం చివరి వరకు అదే అక్షరంగా గుర్తింపు పొందాలి. లాటిన్ లిపికి ఈ పునాది ముందునుంచీ ఉంది. తెలుగుకు చాలాకాలం లేదు.

చేతి కంపోజింగులో తెలుగు కేసుకు గుణింతాలు, వత్తులు, సంయుక్త రూపాలతో కలిపి కొన్ని వందల అచ్చుదిమ్మలు కావలసి వచ్చేవి. డి.టి.పి. కాలంలో తెలుగు ఖతులు తయారుచేసినవారు ఆ దిమ్మల పద్ధతినే కంప్యూటరులోకి తెచ్చారు. తలకట్టు ఒక ముక్క, అక్షర శరీరం ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఈ ముక్కలను లాటిన్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో ఉంచారు. తెరపైనా కాగితంపైనా తెలుగు చక్కగానే కనిపించేది. కంప్యూటరు లోపల మాత్రం అది తెలుగు కాదు. ఖతి తీసేస్తే అర్థంలేని లాటిన్ గుర్తుల వరుస మిగిలేది. ఒక్కో సంస్థ ఖతికి ఒక్కో అమరిక ఉండటంతో ఒక ఖతిలో కొట్టిన పాఠం మరో ఖతిలోకి మారేది కాదు. పోస్ట్‌స్క్రిప్ట్‌కు ముందు పాశ్చాత్య కంపోజింగు యంత్రాలు ఉన్న స్థితి తెలుగు డి.టి.పి.లో మరో రూపంలో పునరావృతమైంది.

ప్రమాణాలు లేకపోలేదు. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతంగా ఇస్కీ 1991లో ఐ.ఎస్. 13194గా స్థిరపడింది. అదే ఏడాది యూనికోడ్ మొదటి ప్రతిలో తెలుగుకు స్థానం లభించింది. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అనే మాట స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు అనే ఆరు సంకేతాల వరుస. దానిని ఒకే రూపంగా చూపడం ఖతి, సాఫ్ట్‌వేరుల బాధ్యత. ఆ బాధ్యతను వృత్తిపరమైన పేజీ కూర్పు సాఫ్ట్‌వేరు ఆలస్యంగా స్వీకరించింది. అడోబీ ఇన్‌డిజైన్ 2012 నాటి సి.ఎస్.6 ప్రతిలో తెలుగుతో సహా భారతీయ లిపులను కూర్చే సదుపాయం కల్పించింది. అప్పటికే ముద్రణాలయాల్లో ఒక తరం ఆపరేటర్లు పాత ఖతుల మీటల అమరికలో ఆరితేరారు. పాత పనుల నిల్వలన్నీ ఆ సంకేతాల్లోనే ఉన్నాయి. శీర్షికలకు కావలసిన రకరకాల అక్షర రూపాలూ వాటిలోనే ఎక్కువ. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఖతులు ఈ లోటును కొంత పూరించాయి.

దీని ఫలితం ఉత్పత్తి క్రమంపై సూటిగా కనిపిస్తుంది. ఖాతాదారు ఫోను నుంచి యూనికోడ్‌లో శుభలేఖ పాఠం పంపుతాడు. పాత ఖతిలో పనిచేసే ఆపరేటర్ దానిని మళ్లీ కొడతాడు, లేదా మార్పిడి పరికరం గుండా పంపి చెదిరిన వత్తులను సరిచేస్తాడు. రెండు విధాలా ప్రూఫు మొదటినుంచి చదవాలి. పెళ్లికూతురి పేరులో ఒక వత్తు జారినా అచ్చయిన కార్డులన్నీ వృథా. వేలాది పేర్లను పట్టిక నుంచి తీసుకుని ఒక్కో ప్రతిపై ఒక్కో పేరు అచ్చువేసే డిజిటల్ ముద్రణ, ఖాతాదారే వెబ్ పుటపై నింపుకునే నమూనాలు, పాత పుస్తకాల ఫైళ్ల నుంచి పదసూచిక తయారీ, ఈ మూడూ అక్షరం అక్షరంగా నమోదై ఉంటేనే సాధ్యం. యంత్రాల విషయంలో తెలుగు ముద్రణాలయం ప్రపంచంతో సమానంగా ఉండవచ్చు. ప్లేటు యంత్రం, నాలుగు రంగుల ఆఫ్‌సెట్, మడత యంత్రం ఒకే ఫైలు నుంచి కొలతలు తీసుకోవచ్చు. అయినా ఆ ఫైలులోని పాఠం బొమ్మగానే మిగిలిపోతే రెండో నమోదు గొలుసు మొదట్లోనే మళ్లీ ప్రవేశిస్తుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, ఉత్పత్తి క్రమపు స్వయంచాలనంలో మలుపులన్నీ సమాచారాన్ని దాని వాహకం నుంచి విడదీసిన సందర్భాలే. మోనోటైప్ చుట్ట పాఠాన్ని సీసం నుంచి, పోస్ట్‌స్క్రిప్ట్ పేజీని యంత్రం నుంచి, పి.పి.ఎఫ్., జె.డి.ఎఫ్. పని వివరాన్ని కార్డు నుంచి విడదీశాయి. యూనికోడ్ తెలుగు అక్షరాన్ని ఖతి ముక్కల నుంచి విడదీసింది. ఈ వరుసలో చివరిది తెలుగు ముద్రణకు మొదటిది కావలసింది.

రెండు, విడదీసిన ప్రతిసారీ ఒక మనిషి నేర్పు ఫైలులోకి చేరింది. పంక్తి విరుపు తెలిసిన కంపోజిటర్, ఫారం మడతను మనసులో చూడగలిగిన పేస్టప్ మనిషి, ప్లేటు చూసి సిరా చెప్పగలిగిన మెషిన్‌మన్ తమ తెలివిని వ్యవస్థకు ఇచ్చారు. న్యూయార్క్ ఒప్పందం ఆ తెలివికి భద్రత రూపంలో మూల్యం చెల్లించింది. యుటోపియా పథకం దానికి రూపకల్పనలో స్థానం ఇవ్వజూపింది. వాపింగ్‌లో ఆ రెండూ లేవు. యంత్రాల స్వభావం ఒకటే అయినా ఫలితాలు మూడు విధాలుగా ఉండటం, ఈ విషయంలో నిర్ణయం యంత్రాలది కాదని రుజువు చేస్తుంది.

మూడు, తెలుగు ముద్రణాలయాలకు సంబంధించి తక్షణ కర్తవ్యం కొత్త అచ్చుయంత్రం కంటే పాత పాఠాల నిల్వను యూనికోడ్‌లోకి మార్చడం, ఆ మార్పిడిని అనుభవజ్ఞులైన డి.టి.పి. ఆపరేటర్ల, ప్రూఫ్ రీడర్ల చేతుల మీదుగా జరిపించడం. ఏ ఖతిలో ఏ వత్తు ఏ మీటలో దాగి ఉందో తెలిసినవారు వారే. ఆ తరం వృత్తి విడిచేలోగా ఈ పని జరగకపోతే, దశాబ్దాల తెలుగు ముద్రణ ఫైళ్లుగా మిగిలి ఉన్నా చదవగలిగే పాఠంగా మిగలదు.